చేయి దాటని ఉప్పు

రెండో అక్కకి కుడిచెయ్యి లేదని ముందు రాసి, ఇప్పుడు ఆవిడ చేత కుడిచేత్తోనే కత్తి పట్టించారేమిటండీ అని పెందుర్తి నుంచి ఉమాశంకర్ గారు నిలదీశారు. అది ఎడమచెయ్యే, ముందు చదవడం నేర్చుకోండి అని కింద ఇంకొకాయన తగులుకున్నాడు. ఆ కింద ఊళ్ళోవాళ్ళంతా చేరి జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. ఆదివారం పొద్దున్న, మొహం కూడా కడుక్కోకుండా, జ్యోతిర్మయి వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఫోన్లో ఇదంతా చదువుతోంది. ఆ చెయ్యి ఉందో పోయిందో రాసిన మనిషికే గుర్తు లేదు.

గుర్తెలా ఉంటుంది పాపం! వారానికి ఆరు రోజులు గాజువాకలో ఓ రక్తపరీక్షల ల్యాబ్‌లో బిల్లుల కౌంటరు. ఇంటికొస్తే వంటా, అంట్లూ. మొగుడు దేవీప్రసాద్ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనివాడు, ఏ వారం ఏ షిఫ్టులో పడతాడో ఆయనకే తెలీదు. మిగిలిన సందులో, సిటీ బస్సులో వేలాడుతూనో, కుక్కరు కూతల మధ్యనో, ‘సాగరిక’ అన్న పేరు పెట్టుకుని ఓ కథల యాప్‌కి ఆవిడ నవల రాస్తోంది. పేరు ‘కెరటాలకోట’. సముద్రం అడుగున ఏడు కోటలు, వాటిలో ఏడుగురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పుట్టుకలూ శాపాలూ పూజలూ. అందరికన్నా చిన్నది కెరటాలమ్మ, తీరం మీది మనుషుల్ని కాచుకునే తల్లి. మొదట్లో సరదాగానే ఉండేది. పోనుపోను సరదా కాస్తా అత్తారింటి చాకిరీ అయి కూర్చుంది. యాప్ వాళ్ళు ఓ మంచి గొంతున్న అమ్మాయి చేత చదివించి వినిపించడం మొదలెట్టాక మరీను, చదివేవాళ్ళకి తోడు వినేవాళ్ళు కూడా తిట్టడానికి సిద్ధమయ్యారు. ఈ సాగరిక ఎవరో మొగుడికి తప్ప వీధిలో ఎవరికీ తెలీదు.

“కూసింత సెయ్యెయ్యమ్మా!”

చేపల ఈశ్వరి వచ్చింది. జ్యోతిర్మయి ఫోను పక్కన పెట్టి, ఈశ్వరి తల మీది బేసిన్ దింపడానికి చెయ్యి సాయం పట్టింది. ఈశ్వరి చుట్టగుడ్డ దులిపి, కత్తిపీట పరిచి, కాలి కింద అదిమి కూర్చుంది.

“కానాగంతలున్నాయి. మొకం ఏటలగుంది? నిద్దర నేదేటి?”

“ఉంది, లేదు. అరకేజీ వెయ్యి.”

ఈశ్వరి ఓ చేపని తోక పట్టి ఎత్తి, మొప్పలు తిప్పి ఎర్రదనం చూపించి, పొట్ట కోసింది. ఆవిడ నడుం దగ్గర దోపుకున్న ఫోను సన్నగా మాట్లాడుతోంది. ‘...అప్పుడు కెరటాలమ్మ తన నీలిజడ విప్పి, తీరం పొడవునా పరిచింది...’ జ్యోతిర్మయికి ఒళ్ళు ఝల్లుమంది.

“ఇది నువ్వు వింటావా?”

“ఇనకేటి! మా కూతురు గుంట పెట్టిచ్చింది. ఎండుసేపలు తిరగేసుకుంటా ఇంటాను. ఇది కత కాదమ్మా. కెరటాలమ్మ గురించి మా అత్త గంగాలమ్మక్కూడా తెల్దంట. మా పెద్దోలు మర్సిపోనారు. ఎవలో సదువుకున్నోలు ఎతికి తీసి సెప్తన్నారు.” పేగులు లాగి పక్కకి విసిరింది. కాకి ఒకటి వాలింది. “అందుకే గదా మా తోటికోడలికి ఉప్పియ్యనేదు.”

జ్యోతిర్మయికి అప్పటిదాకా లోపల చక్కెర పాకంలా ఉన్నది ఒక్కసారి గడ్డ కట్టింది. “ఉప్పేమిటి?”

ఈశ్వరి చేతులాపకుండా చెప్పుకుపోయింది. తన మొగుడు ఎల్లాజీ, మరిది నాగబాబు ఒకే తెప్ప మీద చేపల వేటకెళ్తారు. పోయిన వారం కానాగంతలు విరగబడ్డాయి. హార్బర్లో ధర పడిపోయింది. ఎండబెట్టుకోండని సరుకంతా పెళ్ళాలకిచ్చేసి అన్నదమ్ములు మళ్ళీ నీళ్ళమీదికి పోయారు. పేటలో ఆడవాళ్ళు ఎవరి ఉప్పు ఎవరిదని చూసుకోరు. ఈ రోజు నా బస్తా విప్పితే రేపు నీ బస్తా. నాగబాబు పెళ్ళాం నూకాలు ఉప్పు వానకి తడిసి నీరైపోయింది. బేసిన్ పట్టుకుని ఈశ్వరి గుమ్మంలోకి వచ్చింది. ఈశ్వరి ఇవ్వలేదు. మగవాళ్ళు నీళ్ళమీద ఉన్నారు, ఎలా ఇస్తుంది?

“‘ఉప్పు సెయ్యి దాటితే కెరటం గట్టు దాటతాది’ అని అమ్మే సెప్పింది గదా! దాని సరుకంతా పురుగట్టి ఇసకలో కప్పెట్టీసింది. తెల్లారి ఏటయ్యిందో తెల్సా? గాలి లేసింది. ఆలివీ ఈలివీ వలలు పోనాయి. మా తెప్ప మాత్రం పువ్వులాగ వచ్చింది. దాని మొగుడూ అందులోనే ఉన్నాడు గదమ్మా? ఆడి కోసం కూడా గదా నాను ఇయ్యనేదు! అది ఇనదే. పుట్టెడుప్పు పెట్టుకుని పిడికెడు ఇయ్యనేదని పేటంతా ఎత్తి పోసింది. ఇప్పుడు నాగబాబు ఏరే తెప్పకి పోతానంతన్నాడు.”

“పోతే?”

“ఒక్కడు తెప్పేటి దింపుతాడు? అమ్మీడమే.” ఈశ్వరి ముక్కలు కడిగి గిన్నెలో వేసింది. “పోనీ. మడిసి బతికుంటే సాలు.”

ఈశ్వరి వెళ్ళిపోయాక గిన్నె పట్టుకుని జ్యోతిర్మయి అక్కడే నిలబడిపోయింది. ఆ ఉప్పు మాట ఎక్కడ పుట్టిందో ఆవిడకి బాగా తెలుసు. బస్సులో పుట్టింది. ఉప్పు చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి అని వాళ్ళ నాయనమ్మ ఆదిలక్ష్మమ్మ చిన్నప్పుడు చేతి మీద కొట్టి చెప్పేది. ఎస్.కోట అవతల పొలాలు చేసుకునే ఇల్లు వాళ్ళది. దాన్నే కాస్త సాగదీసి, సముద్రం అంటించి, భలే వచ్చిందనుకుని మురిసి, పాత గాజువాకలో దిగిపోయింది. తీరం మీద ఉప్పుతోనే బతుకు నడుస్తుందనీ, అది చేతులు మారుతూనే ఉంటుందనీ ఈ రాసే తల్లికి తట్టలేదు. చేను గట్టు తెలిసినంత మాత్రాన సముద్రం గట్టు తెలుస్తుందా!

ఆ రోజు చేపల పులుసు ఆవిడకి సయించలేదు.

*

సోమవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో, శాంపిళ్ళ ఫ్రిజ్ వెనక స్టూలు మీద కూర్చుని, పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కొత్త భాగం రాసింది. నేను కట్టిన ముడి నేనే విప్పుతాను, ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు అనుకుంది. ఆ భాగంలో కెరటాలమ్మ ముసలిదాని వేషంలో తీరం మీదికి వస్తుంది. ఇంటింటికీ పోయి ఉప్పు అడుగుతుంది. మగవాడు నీళ్ళమీద ఉన్నాడని అందరూ తలుపులేసుకుంటారు. ఒక్క ఇల్లాలు మాత్రం దోసిలి నిండా పోస్తుంది. ఆ ఇంటి తెప్పని అమ్మ తన భుజం మీద మోసుకొచ్చి ఒడ్డున పెడుతుంది. ‘మూసిన గుప్పిట్లో ఉప్పు చెమ్మగిల్లి నీరవుతుంది, ఉప్పు పంచిన ఇల్లే నా ఇల్లు’ అంటుంది. రాశాక జ్యోతిర్మయికే కళ్ళు చెమర్చాయి. చాన్నాళ్ళకి ఓ మంచి ముక్క రాశాననుకుంది. బుధవారానికి ఆ అమ్మాయి గొంతులో ఊరంతా వినిపించింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, అదీ జరిగింది.

‘సాగరిక గారూ,’ అని మొదలెట్టారు ఉమాశంకర్ గారు. ఆయన ఈ నవలకి పటం గీసుకున్నాడు, ఏడుగురు అక్కచెల్లెళ్ళ వంశవృక్షం గోడకి అంటించుకున్నాడు, ఫొటో తీసి పెట్టాడు కూడా. ‘మీరు కట్టిన ఇంటికి మీరే కన్నం పెట్టారు. మూడో అక్క కొడుకు పోయింది ఉప్పు నియమం తప్పినందుకే కదా? ఆ తల్లి అంత ఏడుపు ఎందుకు ఏడ్చినట్టు? వాడి చావుకి అర్థమేమిటి? రేపు మీకు తోచినట్టు సముద్రం తియ్యగా ఉంటుందంటారా?’

కింద వరస కట్టారు. ఇది సాగరిక రాసింది కాదు, పేరు పెట్టి ఇంకెవరో రాస్తున్నారని ఒకరు. అమ్మవారి మాట మార్చడానికి మీరెవరని ఒకరు. పాత ఆచారమే అసలైనది, అదే ఉంచాలి అని ఓ వందమంది. జ్యోతిర్మయి కౌంటరు వెనక నిలబడి, షుగరు పరీక్షకి వచ్చిన ముసలాయనకి చిల్లర తప్పిచ్చి, మళ్ళీ పిలిచి ఇచ్చి, మళ్ళీ ఫోను చూసింది. ఉమాశంకర్ గారన్నది అక్షరాలా నిజం. ఆ చావుకి ఇప్పుడు అర్థం లేదు. అందుకే ఆవిడకి ఇంకా చిరాకేసింది.

సాయంత్రం యాప్ ఆఫీసు నుంచి నరేష్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే కానీ ప్రతి మాటకీ మేడమ్ అని ప్రాణం తోడేస్తాడు.

“మేడమ్, రేటింగ్ దిగిపోతోంది మేడమ్. ఆ భాగం తీసేద్దాం. పాత రూలే ఉంచేద్దాం.”

“ఆ రూలు తప్పు బాబూ.”

“మీరు పెట్టిందే కదా మేడమ్! మనుషులు మాట మార్చారంటే జనం సర్దుకుంటారు. దేవతలు మారిస్తే ఊరుకోరు.”

రెండ్రోజులు టైమివ్వమని ఫోన్ పెట్టేసింది. దేవీప్రసాద్ డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు. సాక్సు వాసనా, ఇనుప పొడి వాసనా. అలిసిపోయి గోడకి జారబడ్డాడు.

“నిజం అమ్మోరికే ఇన్ని రూల్సు లేవు కదే,” అన్నాడు.

“నవ్వకు. వాళ్ళు తెప్ప అమ్మీస్తారట.”

నవ్వు ఆపి కాసేపు కాళ్ళు నలుపుకున్నాడు. “సెప్పీ మరి. నానే రాసేనని సెప్పీ. పోయేదేటి?”

“నన్ను తిడుతుంది.”

“తిట్టనీ. ఇక్కడ ఇంతమంది తిడతన్నారు కదా, ఆవిడొకర్తి ఎక్కువా?”

*

గురువారం పొద్దున్న ఈశ్వరి వచ్చింది. ఈసారి చిన్నచేపలు, నెత్తళ్ళు. బేసిన్ దింపుకున్నాక కూడా మొహంలో బరువు దిగలేదు.

“ఇద్దరూ కలిసి ఇదే ఆకరి ఏటంట. తెల్లారగట్ట ఎల్లేరు. శనివారం పొద్దున్నకొస్తారు. ఆ పైన నాగబాబు ఏరే తెప్ప సూసుకుంటాడు. అన్నదమ్ములు ఒకర్నొకరు సూసుకోకండా తెప్పెక్కేరమ్మా. నాను ఇసకలో నిల్సుని సూసేను.”

జ్యోతిర్మయి గొంతు సవరించుకుంది. “కొత్త భాగం విన్నావా ఈశ్వరీ? ఉప్పు ఇవ్వొచ్చని అమ్మే చెప్పిందిగా అందులో.”

ఈశ్వరి మూతి విరిచింది. “ఇన్నాను. అది దొంగమాట.”

“దొంగమాటేమిటి?”

“మా గుంట అందరూ ఏటి రాసేరో సదివి సెప్పింది. అంతమంది సదువుకున్నోలు, పెందుర్తాయనంట, ఆయనైతే పెద్ద పటమే గీసేడంట, అందరూ ఒక్కటే మాట. మొదట సెప్పిందే నిజం, ఇది ఎవలో మార్చీసేరని. ఆ రాసినామెకి ఎవలో డబ్బులిచ్చుంటారు. మడిసి మాట మారుస్తాది గానీ అమ్మ మారుస్తాదేటి?”

జ్యోతిర్మయికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పెందుర్తి ఉమాశంకర్ గారు తన కథ కాపాడుకోబోయి ఈశ్వరి గుమ్మానికి గొళ్ళెం పెట్టాడు. ఇక దాచి లాభం లేదు.

“ఆ రాసినామె నేనే.”

ఈశ్వరి తలెత్తి చూసి, పకపకా నవ్వింది. “ఓలమ్మా! నువ్వా? కానాగంతకీ కవ్వళ్ళకీ తేడా తెల్దు నీకు!”

“అందుకే తప్పు రాశాను. కెరటాలమ్మ లేదు ఈశ్వరీ. ఎవరూ మర్చిపోలేదు. మీ అత్తకి తెలీకపోవడమేమిటి, అలాంటి తల్లే లేదు. నేను బస్సులో కూర్చుని అల్లాను. ఆ ఉప్పు మాట కూడా.”

ఈశ్వరి ఇంకా నవ్వుమొహంతోనే ఉంది. జ్యోతిర్మయి పక్కన కింద కూలబడి, గొంతు తగ్గించి, ఇంకా ఎవరూ వినని వచ్చేవారం భాగం చెప్పడం మొదలెట్టింది. కెరటాలమ్మ నీలిజడ ఎలా తెగిందో, ఆ తెగిన పాయల్ని పెద్దక్క ఏం చేసిందో, అదే మాటల వరసతో, అదే ఊపుతో. నాలుగు వాక్యాలు అయ్యేసరికి ఈశ్వరి నవ్వు ఆరిపోయింది. చేతిలో నెత్తళ్ళు బేసిన్‌లోకి జారిపోయాయి.

వీధిలో షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“అయితే నూకాలు సరుకు ఊరకే పోయిందన్నమాట.”

“నాదే తప్పు. నేనొచ్చి చెప్తాను నూకాలుకి.”

“నువ్వొచ్చి ఏటి సెప్తావు? దానికి ఈ కతే తెల్దు. ఉప్పియ్యనేదని తెల్సు, అంతే.” గొంతు పైకి లేచింది. “మా ఇంట్లో ఉప్పు మీద నువ్వెవలమ్మా రాయడానికి? మా మొగుల్ల పేనం మీద కతలేటి నీకు? నీ మొగుడు నేల మీద పన్జేస్తాడు. మద్దేనం కూడు కారేజీ పట్టుకెల్తాడు. నాకు మూడ్రోజులు ఆకాసం సూసుకుంటా కూకోడమే పని. పిచ్చి పట్టీది. ఈ ఉప్పు మాట ఇన్నాక కాసింత నెమ్మదొచ్చింది. నా సేతిలో ఒకటుంది, నాను పట్టుకుంటే ఆడొస్తాడు అనుకున్నాను.” కొంగుతో మొహం తుడుచుకుంది. చేపపొలుసు ఒకటి బుగ్గకి అంటుకుంది. “ఇప్పుడు కూడా ఆలు నీల్ల మీదున్నారు. ఇప్పుడు నానేటి పట్టుకుని కూకోవాలి?”

జ్యోతిర్మయి ఊరికే బేసిన్ అంచు పట్టుకుంది. ఈశ్వరి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి, తనే ఒంటరిగా బేసిన్ ఎత్తి తల మీద పెట్టుకుని, కేక వెయ్యకుండా వీధి దాటి పోయింది.

*

శుక్రవారమంతా ఒంట్లో బాగోనట్టే ఉంది. ఈశ్వరి రాలేదు. శనివారం ఒంటిపూట సెలవు పెట్టి జ్యోతిర్మయి పేటకి బయల్దేరింది. రెండు షేర్ ఆటోలు మారి దిగేసరికి ఎండ చెళ్ళున కొట్టింది. గాలి మాత్రం ఊరుకోవడం లేదు. చీరకొంగు చేత్తో పట్టుకోవాల్సొచ్చింది. ఒడ్డున తెప్పలు వరసగా ఉన్నాయి. మగవాళ్ళు కొందరు నీడలో వలలు విప్పుకుంటున్నారు. అంతమంది ఉన్నా ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

ఎండుచేపల గట్టు దగ్గర ఈశ్వరి కనిపించింది. ఆవిడ పక్కనే ఇంకో సన్నటి మనిషి, ఇద్దరూ వంగి చేపలు తిరగేస్తున్నారు. ఆ సన్నటి మనిషి పొట్ట చీల్చిన చేపలో కల్లుప్పు కూరి, పక్కకి జరిపితే, ఈశ్వరి దాన్ని ఎండకి తిప్పి పెడుతోంది. ఇద్దరి మధ్యా మూతి విప్పిన ఉప్పుబస్తా ఒకటి ఉంది. చేప తిప్పినప్పుడల్లా ఇద్దరూ సముద్రం కేసి ఓ చూపు చూస్తున్నారు.

“ఎవలమ్మా నువ్వు?” అంది సన్నటి మనిషి.

“మన సేపలు కొంటాది, గాజువాకలో,” అంది ఈశ్వరి. అంతకన్నా చెప్పలేదు. “ఇది నూకాలు.”

నూకాలు తలూపి మళ్ళీ పనిలో పడింది. ఈశ్వరి లేచి, చేతులు ఇసకలో తుడుచుకుని, జ్యోతిర్మయిని నాలుగడుగులు అవతలికి తీసుకెళ్ళింది.

“గురువారం ఇంటికొచ్చీగానే ఇచ్చీసాను. బస్తా ఎత్తుకెల్లి దాని గుమ్మంలో పెట్టీసాను. అది మాటాడనేదు. నాను కూడా మాటాడనేదు. సాయంత్రం అదే వచ్చి సేప కొయ్యడానికి కూకుంది.”

“మంచి పని చేశావు.”

“నువ్వు సెప్పినావని ఇచ్చీసాను,” అంది ఈశ్వరి. అందులో కోపం లేదు. అందుకే జ్యోతిర్మయికి మరీ భయం వేసింది. “పొద్దున్నకి రావాలమ్మా ఆలు. అందరూ వచ్చీసేరు. మా తెప్పే రానేదు. రాతిరి గాలి తిరిగిందంట. దూరం ఎల్లుంటారు, ఇంజనేదో ఆగుంటాది, సాయంత్రానికొస్తారు అంతన్నారు.”

“ఫోను?”

“అంత లోపల ఫోనేటి పలుకుతాది?”

జ్యోతిర్మయి సముద్రం కేసి చూసింది. ఇన్నాళ్ళూ ఆవిడ దాని మీద ఎన్ని పేజీలు రాసిందో! నీలిజడలనీ, ఉప్పుకోటలనీ, వెండి గుర్రాలనీ. ఇప్పుడు చూస్తే ఒట్టి నీళ్ళు. ఎక్కడా ఏ తెప్పా లేని, ఎవరి మాటా వినని నీళ్ళు. ఉప్పుకీ గాలికీ సంబంధం లేదు ఈశ్వరీ అని చెప్దామనుకుంది. నోరు రాలేదు. ఈశ్వరి కూడా అడగలేదు. నూకాలు అక్కణ్ణుంచే కేకేసింది, ఈ వరస తిరగెయ్యమని. ఈశ్వరి వెళ్ళిపోతూ, “వచ్చీగానే ఫోన్ సేయిత్తాను, మా గుంట సేత,” అంది.

ఎంతసేపని నిలబడుతుంది? సాయంత్రం ఇంటికొచ్చేసింది. దేవీప్రసాద్ బి షిఫ్టు, రాత్రి పది దాటితే గానీ రాడు. అన్నం పెట్టింది, పప్పు పెట్టింది. ఫోను పొయ్యి పక్కనే, గోడకి ఆనించి పెట్టుకుంది. అది మోగిన ప్రతిసారీ చెయ్యి కొంగుకి తుడుచుకుని అందుకుంది. మోగింది నరేషే. ‘మేడమ్, ఆ భాగం తీసేశాం, పాత రూలే ఉంటుంది, అందరూ హ్యాపీ’ అని మెసేజీ. కింద ఉమాశంకర్ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ‘మా అమ్మవారు మాకు దక్కింది’ అని రాశారు. జ్యోతిర్మయి దాన్ని చదివి, పప్పులో గరిటె తిప్పి, మళ్ళీ ఫోను తెర చూసింది. పేట నుంచి ఏమీ లేదు. చీకటి పడింది.

“జ్యోతీ, ఓ గుప్పెడు ఉప్పుంటే పెట్టమ్మా. చారులోకి చూస్తే నిండుకుంది.”

పక్కవాటా పాపాయమ్మ గారు, చేతిలో చిన్న గిన్నెతో గుమ్మంలో నిలబడింది. చనువున్న మనిషి. రోజూ ఏదో ఒకటి అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. జ్యోతిర్మయి అలవాటు చొప్పున గూట్లోంచి ఉప్పుడబ్బా తీసింది, మూత తీసింది, చెంచా ముంచింది. చెంచా లేవలేదు.

“ఏమే, లేదా?”

“ఉంది పిన్నిగారూ.”

“మరి?”

“ఇవాళ ఇవ్వలేను. ఏమనుకోకండి.” చెంచా డబ్బాలోనే వదిలేసింది. “మా వాళ్ళు నీళ్ళమీద ఉన్నారు. ఇంకా రాలేదు.”

పాపాయమ్మ గారు గిన్నె పట్టుకుని వింతగా చూసింది. “మీ ఆయన ప్లాంటులో కదే చేసేది?”

జ్యోతిర్మయి మూత బిగించి, ఆ డబ్బాని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది.